తథాస్తు దేవతలకు రాని అక్షరం

మా ఆడపడుచు సింహాచలమ్మ ఇంట్లో ఎవరికీ జబ్బు చెయ్యదు. చెయ్యదంటే నిజంగా చెయ్యదని కాదు, చేసిందని ఎవరూ అనకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. అంతవరకు మనందరం చేసేదే. ఆమె ఇంకో నాలుగు మెట్లు ఎక్కింది. జ్వరం వస్తే "ఎక్కువ బాగుంది" అంటుంది. విరేచనాలు పట్టుకుంటే "మరీ ఎక్కువ బాగుంది" అంటుంది. ఆమె మొగుడు రేవులో బస్తాలు మోసి మోసి మంచం పట్టినప్పుడు, పలకరించడానికి వెళ్లినవాళ్లందరికీ "మహా బాగున్నాడు" అని చెప్పింది. వాళ్లు నమ్మి టీ తాగి వెళ్లిపోయారు. మూడు వారాలకు ఆయన పోతే, ఇంత బాగున్న మనిషి ఎలా పోయాడమ్మా అని వీధి వీధంతా బుగ్గలు నొక్కుకుంది.

దీనికంతటికీ కారణం తథాస్తు దేవతలు. వాళ్లు మన నెత్తి మీద తిరుగుతూ ఉంటారనీ, మనిషి నోట ఏ మాట వచ్చినా "తథాస్తు" అనేసి పోతారనీ, అది అలాగే జరిగి తీరుతుందనీ ఆమె నమ్మకం.

"వాళ్లకి ఇంకో పనేటీ నేదా?" అని ఒకసారి అడిగాను.

"నీకు మాత్రం ఏటి పనుందొదినా, పొద్దస్తమానం గుమ్మంలో కూకుంతావు?" అంది.

నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. ఆమె బడి గడప తొక్కలేదు. ఈ సంగతి ఆమెకు అప్పుడప్పుడూ గుర్తు చెయ్యడం వదినగా నా బాధ్యత. గుర్తు చేశాను.

సింహాచలమ్మ రంగూను శివారు లైంగ్‌థార్యార్‌లో చీనావాళ్ల చొక్కాల ఫ్యాక్టరీలో పదకొండేళ్ల నుంచి ఇస్త్రీ బల్ల దగ్గర పని చేస్తోంది. మెడలో రెండువందల పద్నాలుగో నంబరు బిళ్ల. కూతురు థాయిలాండులో రొయ్యలు ఒలిచే పనికి వెళ్లింది. మనవరాలు భానుప్రియను ఈమే పెంచింది. పంతొమ్మిదేళ్ల భానుప్రియ అదే ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. అమ్మమ్మ ఇస్త్రీ చేసేది మనవరాలు కుట్టిన కాలరే. కుట్టు వంకర పోతే తిట్లు నాలుగు బల్లలు దాటి వినిపిస్తాయి.

రెండువేల ఇరవై ఒకటి ఫిబ్రవరిలో సైన్యం రాజ్యం తీసుకుంది. ఒకరోజు ఫోను పలికేది కాదు, ఒకరోజు ఇంటర్నెట్టు ఉండేది కాదు. రంగూను మొత్తాన్ని మూటగట్టి అటక మీద పడేసినట్టు ఉండేది. అంతకు ముందు ఏడాదంతా కరోనా పేరు చెప్పి ఇళ్లలో కూర్చోబెట్టారు, ఇప్పుడు కూర్చోమన్నా ఎవరూ కూర్చోవడం లేదు. జనం రోడ్డెక్కారు. సాయంత్రమైతే ఇంటింటా గిన్నెలు మోగించేవారు. దయ్యాల్ని తోలడానికి ఇక్కడివాళ్లు ఎప్పటినుంచో చేసే పనే అది. సింహాచలమ్మ ఇడ్లీ గిన్నె మూడో రోజుకే సొట్టలు పడింది. నా గిన్నె అరువడిగింది. ఇవ్వలేదు.

ఒక ఆదివారం అమ్మమ్మా మనవరాలూ బస్సెక్కి చిమిండైంగ్‌లో మా ఇంటికి వచ్చారు. మర్నాడు కాక ఆ పై సోమవారం నుంచి తమ వరుసలో పిల్లలందరూ రోడ్డు మీదికి వెళ్తున్నారని భానుప్రియ చెప్పింది. తనూ వెళ్తుందట.

"ఇదెల్తే దీని ముందు నానుంటాను," అంది సింహాచలమ్మ. "అందులో మాటనేదు. కానీ మూడ్రోజులు చీటీ నేకుండా మానీస్తే పేరు కొట్టీస్తారొదినా. ఇద్దరి పేర్లూ కొట్టీస్తే పొయ్యిలో పిల్లి లేవదు."

చిక్కు అక్కడే ఉంది. ఆ ఫ్యాక్టరీలో జబ్బు చేస్తే తప్ప సెలవు లేదు. ఇదివరకు బర్మా భాషలో చెబితే, దుబాసీగా ఉండే కుర్రాడు మేనేజరమ్మకు చీనాలో చెప్పేవాడు. ఆ కుర్రాడు మొదటిరోజే రోడ్డెక్కి ఇక రాలేదు. మేనేజరమ్మకు బర్మాలో అంకెలూ, "మ్యన్ మ్యన్" అంటే తొందరగా తొందరగా అనే మాటా తప్ప ఏమీ రాదు. తను చదవగలిగిన చీటీ మీదే సంతకం పెడతానని కాపలావాడితో సైగల మీద చెప్పించిందట.

"చీటీ సంగతి తర్వాత," అంది భానుప్రియ. "అమ్మమ్మ అసలు ఒంట్లో బాగోనేదని చెప్పదే!"

సింహాచలమ్మ లేచి పిల్ల నోరు మూసింది. పైకి చూసి, "అది చిన్నగుంట, దానికి తెలీదు," అని మా రేకుల కప్పుకు సంజాయిషీ చెప్పుకుంది.

"బర్మాలో చెప్పొచ్చుగా అమ్మమ్మా?"

"మన తాతలతోటి ఒకటే ఓడెక్కి వొచ్చినారు ఆ దేవతలు. నూరేళ్లు దాటిపోనాది. ఇంకా బర్మా రాదనుకున్నావేటి? నీకన్నా బాగా మాటాడతారు."

"పోనీ ఇంగ్లీషు?"

"తెల్లదొరల కాలంలోనే నేర్చీసుంటారు."

"చీనా?"

సింహాచలమ్మ ఆలోచించింది. నేను పొయ్యి వత్తి వెలిగించి, టీ కాచి, మూడు గ్లాసుల్లో పోసేదాకా ఆలోచించింది.

"చీనా రాదు," అంది చివరికి. "ఎలగొస్తాది? చీనా బడులన్నీ మా చిన్నప్పుడే మూయించీసినారు కదా. ఎవులు నేర్పుతారు వాళ్లకి?"

ఇంత పకడ్బందీ వాదం నేను కోర్టులో కూడా వినలేదు. కోర్టుకు నేనెప్పుడూ వెళ్లలేదనుకోండి.

మా చిమిండైంగ్ బజారులో ఎండు పుట్టగొడుగులు, వేళ్లు, బెరళ్లు అమ్మే చీనా తాత ఒకాయన ఉన్నాడు. ఎనభై ఏళ్లుంటాయి. బడులు మూసేయక ముందు రెండేళ్లు చీనా పంతులుగా చేశాడు. ఆ తర్వాత యాభై ఏళ్లుగా ఎవరూ ఆయన్ని ఒక్క అక్షరమూ అడగలేదు. మనవలకు కూడా వద్దట. అలాంటాయన దగ్గరికి అరవై ఒక్కేళ్ల శిష్యురాలిని తీసుకుపోయాను. సంగతి చెప్పగానే పుట్టగొడుగుల తట్ట మీద గోనె కప్పేసి, వచ్చిన బేరాన్ని రేపు రమ్మని పంపేశాడు.

మందులు చుట్టే కాగితం మీద పెద్దగా రాశాడు. మొత్తం పది గీతలు. పైన ఒక చుక్క, దాని కింద అడ్డగీత, ఎడమపక్కన కిందికి జారిపోయే గోడలాంటి గీత, ఆ గోడకు అంటుకుని రెండు చిన్న గీతలు. లోపల తలుపుచట్రంలాంటిది, అందులో కాళ్లు చాపిన మనిషిలాంటి గుర్తు.

"డో సింహా, దీన్ని పింగ్ అంటారు. జబ్బు అని అర్థం," అన్నాడు తాత బర్మాలో. పెద్ద ఆడవాళ్లను ఇక్కడ డో అంటారు. "ఈ చుట్టూ ఉన్నది పూర్వం మంచం బొమ్మ. జబ్బు మాటలు చాలావాటికి ఈ మంచం ఉంటుంది."

"మంచవేటి?" అంది సింహాచలమ్మ నాతో. "ఇది మా ఇల్లే! ఇదిగో కప్పు, ఇది వాలిపోయిన గోడ, ఈ రెండూ కారతన్న చుక్కలు. లోపల నానున్నాను."

ఆ మాట నేను బర్మాలో చెబితే తాత కళ్లద్దాలు తీసి తుడుచుకుని, యాభై ఏళ్లలో ఇంత గుర్తుండే పద్ధతి వినలేదన్నాడు. అప్పటినుంచి ఇల్లనే చెప్పాడు.

ఇక రాత. ఆమె ఎప్పుడూ కలం పట్టలేదు. ఫ్యాక్టరీలో గుడ్డ మీద గుర్తు పెట్టే సుద్దబిళ్ల ఎప్పుడూ ఆమె కొంగున ముడేసి ఉంటుంది, దాన్ని ముగ్గు చిటికెలా పట్టుకుంది. మొదలుపెట్టడమే లోపలి మనిషితో మొదలుపెట్టింది. తాత అతిమధురం కర్రతో ఆమె వేళ్ల మీద టక్కున కొట్టాడు.

"ముందు కప్పు, తర్వాత గోడ, చివర మనిషి! ఇల్లు లేకుండా మనిషిని ఎక్కడ కూర్చోబెడతావు?"

"మా లైంగ్‌థార్యార్‌లో ముందు మనుషులు కూకున్నారు, తరవాతే కప్పేసినారు," అంది ఆమె వేళ్లు ఊదుకుంటూ. "చెప్పొదినా ఆయనికి."

చెప్పాను. తాత ఇంకోటి కొట్టాడు.

సాయంత్రానికి అక్షరం వచ్చింది. అయితే గోడ పక్కన రెండు చుక్కలకు బదులు నాలుగు పెట్టింది. రెండే చాలన్నాడు తాత. మా ఇల్లు అంతకన్నా ఎక్కువ కారుతుందని ఆమె పట్టుబట్టింది. ఈ విషయంలో ఎవరూ ఆమెను కదపలేకపోయారు.

సెలవుచీటీకి పూర్తి మాట కావాలంటే పక్కన సెలవు అనే అక్షరం కూడా ఉండాలట. దానికి పదకొండు గీతలు. తాత అది రాసి చూపించి, నిజాయితీపరుడు కాబట్టి, ఇదే అక్షరాన్ని ఇంకో రాగంలో పలికితే బూటకం అని కూడా అర్థం వస్తుందన్నాడు.

"ఒద్దు బాబూ, ఒద్దు! అబద్ధమాడతన్నానని నా సేత్తో నాను రాసిచ్చీమంతాడేటి?" అంది సింహాచలమ్మ. ఒక్క అక్షరమే చాలనుకుంది. కింద పేరుకు బదులు బిళ్ల నంబరు వేస్తుందట. "రెండువందల పద్నాలుగంటే ఎవులో ఆ దేవతలకేటి తెలుసు? వాళ్ల దగ్గిర నా పేరు సింహాచలవనే ఉంటాది."

ఆ వారమంతా సాధన. ఇస్త్రీకి వచ్చిన చొక్కా వీపు మీద సుద్దతో రాయడం, ఎవరైనా వచ్చేలోగా ఇస్త్రీపెట్టె నడిపి ఆవిరితో మాయం చెయ్యడం. రోజుకు వంద చొక్కాలు జబ్బుపడి కోలుకునేవి. అక్షరం వచ్చాక అది ఫ్యాక్టరీ నిండా ఉందని కూడా కనిపెట్టింది. చేతులు కడుక్కోమని గోడకు అంటించిన బొమ్మ మీద ఉంది. మందుల పెట్టె మీద ఉంది. చెడిపోయిన కుట్టుమిషనుకు కట్టిన ఎర్ర చీటీ మీద కూడా ఉంది! గురువారం పని దిగి పరుగున బజారుకొచ్చి తాతను అడిగింది. ఆ చీటీ మీది ముందక్షరానికి వెంట్రుక అని అర్థమనీ, వెంట్రుకా జబ్బూ కలిస్తే లోపం అనీ ఆయన చెప్పాడు. జబ్బు పక్కన మనిషి గుర్తు పెడితే రోగి, చూడడం పెడితే వైద్యుడి దగ్గరికి వెళ్లడం. ఆమె అన్నీ విని తల ఊపింది. మర్నాటి నుంచి తన టిఫిను క్యారియరు ఆ మిషను దగ్గర పెట్టడం మానేసింది, అంటుకుంటుందని.

శనివారం చీటీలు ఇచ్చే రోజు. భానుప్రియ పక్క మిషను మీద కుట్టే కెరెన్ అనే క్రిస్టియన్ల పిల్ల ముందుగా వచ్చింది.

"నాకూ ఒకటి రాసీ అత్తా."

"మీకు తథాస్తు దేవతలు నేరు కదే, నువ్వే రాసుకో."

"మా దేవుడికి అన్ని బాసలూ వొచ్చత్తా, అదే బయ్యం. నువ్వు రాస్తే పాపం నీది."

కెరెన్ చూసి ఇంకొకతె, ఆమెను చూసి ఇంకో ఇద్దరు. మధ్యాహ్నానికి సింహాచలమ్మ ఇరవై నాలుగు చీటీలు రాసింది. ఇరవై నాలుగు కారిపోయే ఇళ్లు, ఇరవై నాలుగు నంబర్లు. అందరిదీ ఒకే జబ్బు, ఒకే చేతి రాత, అన్నింటికీ నాలుగేసి చుక్కలు.

మూడు గంటలకు మేనేజరమ్మ పిలిపించింది. తర్వాత జరిగింది నాకు భానుప్రియ నటించి మరీ చూపించింది. మేనేజరమ్మ బల్ల మీద చీటీలన్నీ పేకముక్కల్లా పరిచి ఉన్నాయట. ఒకటి తీసి, ఎర్ర కలంతో అదనపు చుక్కలు రెండూ కొట్టేసిందట. సింహాచలమ్మకు ఒళ్లు మండింది, అయినా ఊరుకుంది. పేరు ఉండడమో పోవడమో ఈ గదిలోనే తేలిపోతుందని ఆమెకు తెలుసు. తనదొక్కటే అయితే పోనీ అనుకునేది. పిల్లది కూడా ఆ పేకముక్కల్లోనే ఉంది.

మేనేజరమ్మ అక్షరం మీద వేలు పెట్టి, తర్వాత సింహాచలమ్మ తల చూపించి, నొప్పా అన్నట్టు మొహం పెట్టింది.

ఇక్కడ మా ఆడపడుచుకు ఒక గొప్ప సందేహం వచ్చింది. దేవతలకు చీనా రాకపోవచ్చు, కళ్లు మాత్రం ఉంటాయి కదా. తల పట్టుకుంటే చూడరా? దగ్గితే వినపడదా?

"కాంబాదే!" అంది గట్టిగా. బర్మాలో బాగుందని.

మేనేజరమ్మ కడుపు చూపించింది. "కాంబాదే!" గుండె చూపించింది. "కాంబాదే!" తనే ఖళ్లు ఖళ్లుమని దగ్గి చూపించి, నువ్వూ దగ్గమన్నట్టు చెయ్యి చాపింది. సింహాచలమ్మ నడుం మీద రెండు చేతులూ వేసుకుని, ఛాతీ విరిచి, కుస్తీకి దిగినదానిలా నిలబడింది. తలుపు దగ్గర భానుప్రియ సైగ మీద సైగ చేస్తోంది.

"ఒక్క దగ్గు అమ్మమ్మా! చిన్నది!"

"నాను దగ్గను."

"మన పేర్లు పోతాయే!"

"పేర్లు పోతే పోనీ, పేణాలు పోకూడదు. దగ్గను."

చీటీ చూస్తే జబ్బు, మనిషిని చూస్తే ఎద్దు. మేనేజరమ్మ కాసేపు చూసి చూసి, విసుగెత్తి, సొరుగులోంచి జ్వరం చూసే తుపాకీ తీసి ఆమె నుదుటికి గురిపెట్టింది.

కరోనా వచ్చినప్పటి నుంచి ఆ తుపాకీతో రోజూ గేటు దగ్గర చూస్తారు. పొద్దున్నే, పనిలోకి దిగక ముందు, అందరూ చల్లగా ఉన్నప్పుడు. మధ్యాహ్నం మూడింటికి, ఏడు గంటలు ఆవిరి పెట్టె మీద వంగిన ఇస్త్రీ మనిషి నుదురు ఎలా ఉంటుందో ఆ ఫ్యాక్టరీలో ఎవరూ ఎన్నడూ కొలిచి చూడలేదు.

తుపాకీ కూత పెట్టింది. ఎర్ర దీపం. ముప్ఫై ఎనిమిదిన్నర.

మేనేజరమ్మ కుర్చీతో సహా వెనక్కి జరిగింది. గోడ మీద రూలు కాగితం ఉంది, కిందటేడు అంటించింది: జ్వరం ఉన్నవారూ, వారితో కలిసి తిన్నవారూ పద్నాలుగు రోజులు విడిగా ఉండాలి, పని చోటు అలాగే ఉంటుంది. ఇరవై నలుగురూ ఒకే బల్ల దగ్గర తింటారు. మేనేజరమ్మ చేయి చాచి, అంత దూరం నుంచే, ఇరవై నాలుగు చీటీల మీదా టకటకా సంతకాలు పెట్టి "మ్యన్ మ్యన్" అంది.

పిల్లలందరూ గేటు దాటాక గంతులు వేశారు. సింహాచలమ్మ మాత్రం నేరుగా మా ఇంటికొచ్చి నా ముందు కూలబడింది. మొహంలో నెత్తురు లేదు.

"చదివీసినారొదినా."

"ఎవులు చదివీసినారే?"

ఆమె పైకి చూపించింది. "చీనా ఎప్పుడు నేర్సీసుకున్నారో ఏటో. తథాస్తు అనీసినారు. చెయ్యెట్టి సూడు."

నుదురు మీద చెయ్యి వేశాను. కుండలో నీళ్లలా చల్లగా ఉంది.

"ఇస్త్రీ పెట్టె వేడే అమ్మమ్మా అది!" అంది భానుప్రియ, పదోసారి అయి ఉంటుంది.

"మరి నీకెందుకు తగల్నేదు?"

"నాను కాలర్లు కుడతాను కదే!"

ఎంత చెప్పినా నమ్మకం కుదరలేదు. ఎందుకో చెప్పకుండా నా చేత మిరియాల చారు పెట్టించుకుని రెండు లోటాలు తాగింది. పడుకోమన్నాను. పడుకుంటే ఒప్పుకున్నట్టేనని పడుకోలేదు. ఆదివారం పగలంతా మా వంటింట్లో అటూ ఇటూ నడిచింది. వెళ్లడమా మానడమా అని కాదు నడక, అది ఎప్పుడో తేలిపోయింది. నిలబడగలనో లేదో చూసుకుంటోందట. సాయంత్రానికి, "నా కాళ్లు కాంబాదే," అని రేకుల కప్పుకు వినపడేలా చెప్పి, చెప్పులేసుకుంది.

సోమవారం నుంచి ఇరవై నలుగురూ రోడ్డు మీదే ఉన్నారు. ఫ్యాక్టరీకి రావద్దన్నారు గానీ రోడ్డు మీదికి వెళ్లొద్దని రూలు కాగితంలో ఎక్కడా లేదు. నేను వెళ్లానా అని అడగకండి. నా మోకాళ్లు మహా బాగున్నాయి.

సింహాచలమ్మ రోజూ భానుప్రియకు ఒక అడుగు ముందు నడిచేది, పిల్ల చున్నీ కొసను తన పిడికిట్లో చుట్టుకుని. నినాదాల మధ్యలో వెనక్కి తిరిగి "తిన్నావేటే?" అని అడిగేదట. పిల్ల సిగ్గుతో చచ్చిపోయేదట. ఒకరోజు ముందువైపు పెద్ద చప్పుళ్లయి జనం ఒక్కసారిగా వెనక్కి పరిగెత్తారు. ఆ తోపులాటలో చెప్పులు పోయాయి, టిఫిను క్యారియరు పోయింది, కెరెన్ గొడుగు పోయింది. ఈమె మాత్రం పిడికిలి విప్పలేదు. చున్నీ సగానికి చిరిగింది, పిల్ల చిరగలేదు. ఆ సాయంత్రం మా ఇంట్లో ఇద్దరూ అన్నం తిన్నారు. వెళ్లేటప్పుడు, అడక్కుండానే, నా గిన్నె తీసి సింహాచలమ్మ చేతిలో పెట్టాను. నా చరిత్రలో అదొక వింత.

పదిహేనో రోజు పొద్దున్నే ఇరవై నలుగురూ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డారు. మేనేజరమ్మే వచ్చి ఒక్కొక్కరి నుదుటికీ తుపాకీ పెట్టింది. అందరికీ పచ్చదీపమే. సింహాచలమ్మకు రెండుసార్లు పెట్టింది. రెండుసార్లూ పచ్చే. అయినా గేటు తియ్యలేదు. ఒక కాగితం చాచి, దాని మీద ఆరు గీతల చిన్న అక్షరం రాసి, దాని కిందే రాయమన్నట్టు కలం ఇచ్చింది. బాగుంది అనే అక్షరమట. తగ్గిందని రాసి ఇస్తే గానీ లోపలికి రానివ్వరు కాబోలు.

మా ఆడపడుచు ఆ కలాన్ని తీసుకోలేదు.

"ఇదెందుకమ్మా రాయడం?" అని తెలుగులోనే అడిగింది. "ఇది నోటితోనే చెప్తాను." గేటు ఊచలు పట్టుకుని, ఆకాశం వైపు మొహం పెట్టి, "కాంబాదే!" అని అరిచింది. వెనక ఇరవై ముగ్గురూ అందుకున్నారు. రెండు వారాలు నినాదాలు చేసిన గొంతులు అవి. మూడోసారికి పక్క ఫ్యాక్టరీ వాళ్లు కూడా కిటికీల్లోకి వచ్చారు. ఇది మళ్లీ ఊరేగింపేమోనని కాపలావాడు హడలిపోయి, మేనేజరమ్మ చెప్పకుండానే గేటు తీసేశాడు.

ఇంకో రెండు వారాలకు, సైన్యం దిగాక, ఆ ప్రాంతమంతా ఏమైందో, ఫ్యాక్టరీ ఎందుకు మూసేశారో నేనిక్కడ రాయను. ఆరోజు మటుకు భానుప్రియ మిషను భానుప్రియకు దొరికింది. ఇస్త్రీ బల్ల దగ్గర మాత్రం ఎవరో కొత్త మనిషిని పెట్టేశారు. ఈ బల్ల ఇప్పుడు తనదని ఆమె కదల్లేదు. సింహాచలమ్మ పోట్లాడలేదు. మడత పెట్టిన చొక్కాల దొంతర పైనుంచి ఒకటి తీసి, కాలరు విప్పి, వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పింది.

"ఇది ఇస్త్రీ సేసినారా, నేక నాననిచ్చి పిండీసినారా?" అని, కొత్తమనిషిని అనకుండా, మనవరాలి వైపు కేకేసింది.

తర్వాత ఆ మనిషి చేతిలోంచి ఇస్త్రీపెట్టె నెమ్మదిగా తీసుకుని, కాలరు కొసను వేలితో లాగి పట్టి, ఇలా అని చూపించింది. చూపిస్తూ చూపిస్తూ ఆ బల్ల ముందు తనే నిలబడిపోయింది. మధ్యాహ్నం టిఫిను వేళకు కొత్తమనిషి గుండీల బల్లకు మారిపోయింది.